రెండు కాగితాల్లో ఒక పేరు

ఆ వేసవి మా ఇంటివాళ్లం చేయవలసిన పనులు ఇవి.

కనుమ దారి తెరవగానే కొండెక్కాలి. ఎనిమిది బస్తాల బార్లీని ఏటిలో నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, నీటి తిరగలిలో విసరాలి. పల్లపు ఊరి నుంచి రెండు సంచుల హాప్స్ పూలు తేవాలి, అవి లేకపోతే బీరుకు చేదు పట్టదు. వేలుపు సొత్తయిన రాగి కాగుకు కళాయి పూయించాలి. బలికి మచ్చలేని పొట్టేళ్లు మూడు చూడాలి. మా బురుజు కప్పులో జారిన పలకరాళ్లు తిరిగి పేర్చాలి, ఎందుకంటే వంతు వచ్చిన ఇంటి కప్పు కారకూడదు. కట్టెలు. ఉప్పు. పందిమాంసం ఏ రూపంలోనూ కొండమీదికి రాకుండా చూడాలి. లారీ డ్రైవరు అన్నం మూట కూడా విప్పించి చూడాలి. పండగ అయ్యేదాకా నాన్న వేరే గదిలో పడుకోవాలి. ఊరందరి పేర్లూ రాయాలి.

చివరి పని నాది.

మా ఊరు ఖిసార్త. తుషేతి కొండల్లో పన్నెండు బురుజులు, పద్నాలుగు ఇళ్లు. అక్టోబరు నుంచి మే దాకా అక్కడ మనిషి మసలడు. మేమంతా కింద అల్వానిలో ఉంటాం. వేసవిలో మూడు నెలలు మా ఊరికి మేమే చుట్టాల్లా వెళ్లి వస్తాం. ఏటా ఒక ఇంటికి వంతు వస్తుంది. వంతు ఇంటి మగవాడు వేలుపు గద్దె దగ్గర బీరు కాచి ఊరందరికీ పోయాలి. మాకది పద్నాలుగేళ్లకు ఒకసారి. నాన్న షేతేకు అది మూడోసారి. కిందటిసారి కాగు కింద మంట చూసింది మా అన్న ఎలిజ్బార్.

అన్న తొంభై మూడులో సముద్రం వైపు, సుఖుమికి, యుద్ధానికి వెళ్లాడు. సెప్టెంబరు చివర ఆ ఊరు శత్రువు చేతికి పోయిన రోజున రైలు స్టేషను దగ్గర చూశామని ఇద్దరు చెప్పారు. ఆ తర్వాత చూసినవాళ్లు లేరు. శవమూ రాలేదు, కబురూ రాలేదు. ఇంట్లో డిగ్రీ దాకా చదివినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి ప్రతి ఏడూ ఆచూకీ కోసం దరఖాస్తు నేనే రాసేదాన్ని. ఆ ఫారంలో మూడు గళ్లుంటాయి: జీవించి ఉన్నారు, మరణించారు, గల్లంతు. మూడో గడిలో టిక్కు పెట్టడం నాకు అలవాటైపోయింది.

మా కొండల్లో చావు జరిగిన ఇంట మగవాళ్లు గడ్డం గీసుకోరు. నాన్న పదకొండేళ్లుగా ఒక్క పొద్దు కూడా మానకుండా గీసుకుంటున్నాడు, జ్వరంలోనూ. అమ్మ రెండో ఏడే నల్లబట్టలు కట్టింది. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తినేవారు. ఒకరి గడ్డం గురించి ఒకరు గానీ, ఒకరి బట్టల గురించి ఒకరు గానీ మాట్లాడగా నేను వినలేదు.

జూన్ మూడోవారంలో కమాజ్ లారీ మీద కొండెక్కాం. పక్కింటి దారో అత్త బార్లీ బస్తాల మీద దర్జాగా కూర్చుని దారి పొడుగునా నన్ను ఆటపట్టించింది: ముప్పై ఏళ్లొచ్చాయి, పిల్లలకు భూగోళం చెబుతావు, నీ భూగోళంలో ఒక్క మగాడు లేడా అని. కనుమ దగ్గర మంచు ఇంకా కరగలేదు. డ్రైవరు చక్రాలు చూసుకుంటూ తిట్టుకున్నాడు. నాన్న మాత్రం డ్రైవరు అన్నం మూట విప్పించి, సాసేజి ముక్కను కనుమకు ఇవతలే కుక్కలకు వేయించి, అప్పుడు గాని లారీ కదలనివ్వలేదు.

పండగ నడిపించే వేలుపు పెద్దగా ఎన్నో ఏళ్లు చేసిన ముసలాయనకు నాలుగు వందల పేర్లు నోటికి వచ్చేవి. ఆ చలికాలం ఆయన పోయాడు. కొత్తగా ఆ పని నెత్తిన పడినవాడు తోర్గ్వా, నిన్నమొన్నటిదాకా ట్రాక్టరు నడిపినవాడు. గద్దె చుట్టూ పాతిన తెల్లరాళ్ల వరస దాటి ఆడవాళ్లు వెళ్లరు. అతను లోపల, నేను బయట నిలబడి మాట్లాడుకున్నాం.

"నాకు ట్రాక్టరు నంబర్లయితే గుర్తుంటాయి గానీ పేర్లు నిలవవు తెబ్రో," అన్నాడు. "నువ్వు రాసిపెట్టు. పెద్దక్షరాలతో రాయి. బతికున్నవాళ్లు ఒక కాగితం, పోయినవాళ్లు ఒక కాగితం. కలిపేసి నా కొంప ముంచకు."

అటూ ఇటూ తేలనివాళ్లుంటే ఎలా అని అడిగాను. అలాంటివాళ్లు ఎవరుంటారని నవ్వబోయి, నేనెవరి కూతుర్నో గుర్తొచ్చి ఆగాడు. మీ నాన్ననడుగు అని వెళ్లిపోయాడు.

పండగనాడు ఒక్కొక్క పేరూ చదువుతారు. బతికున్నవాడి పేరు చదివితే మగవాళ్లు గిన్నె ఎత్తి తాగుతారు. పోయినవాడి పేరు చదివితే గిన్నెలోంచి నేల మీదికి ఒంపుతారు. ఆ ఒంపినదే పోయినవాళ్లకు ఏడాది తిండి. పేరు చదవకపోతే అందదు. బతికున్నవాడి పేరు పోయినవాళ్లలో చదివితే వాడి ఆయుష్షు అక్కడితో సరి. పోయినవాడి పేరు బతికున్నవాళ్లలో చదివితే కాగులో బీరు పులిసిపోయి వంతు ఇంటికి తలవంపులు వస్తాయి. ఇవన్నీ నమ్ముతావా అని తెలావి కాలేజీలో స్నేహితురాళ్లు అడిగేవారు. కింద ఉన్నప్పుడు నమ్మను. పైన ఉన్నప్పుడు నాకు ఆ ప్రశ్నే రాదు.

ఇన్నేళ్లూ ముసలాయన మా ఇంటి పేర్ల దగ్గరికి వచ్చి, అన్న పేరు రావలసిన చోట గట్టిగా దగ్గి, తర్వాతి ఇంటికి వెళ్లిపోయేవాడు. ఆ దగ్గుతోనే మాకు పదకొండేళ్లు గడిచాయి. కాని వంతు వచ్చిన ఏడు ఆ ఇంటి పేర్లన్నీ ముందు చదవాలి, ఒక్కటీ వదలకూడదు. పైగా ఇప్పుడది కాగితం. కాగితం దగ్గదు.

ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకున్నాను. అందరూ తలా ఒక పెద్దమ్మనో ముత్తాతనో గుర్తుచేసుకుని ఇచ్చారు. దారో అత్త మాత్రం తన భర్తను పోయినవాళ్లలో రాయమంది. ఆయన ఊరొదిలి రాజధాని తిబిలిసిలో ఇంకొకామెతో ఉంటున్నాడు.

"బతికే ఉన్నాడు గదత్తా. మొన్న బజారులో కూడా చూశారంట."

"బజారులో బతికున్నాడు. నా ఇంట్లో ఎప్పుడో పోయాడు. ఒంపేది నా వాటా బీరే గదే, నీకేం నొప్పి?"

నేను నవ్వి ఆయన్ని బతికున్నవాళ్లలోనే రాశాను. ఆమె కాగితంలోకి తొంగిచూసి, చదువుకున్నదానివి, నీకు భయమెక్కువ అంది.

కొండెక్కిన రెండోవారంలో వాన పట్టుకుంది. అమ్మా నేనూ మాంసం కూరిన ఖింకాలి కుడుములకు పిండి కలుపుతున్నాం. అమ్మ పేరు బాబలే. మాట్లాడటం తక్కువ, చెయ్యడం ఎక్కువ. ఆ రోజు పిండి ముద్ద మీద నుంచి చెయ్యి తీయకుండానే, నా వైపు చూడకుండానే మొదలుపెట్టింది.

"పోయినవాళ్లందరి బల్లల దగ్గరా నిలబడుతున్నాడమ్మా మీ అన్న. కలలో. ఎవరూ కూర్చోమనరు. వాడు అడిగి తినే రకం కాదు, నీకు తెలుసుగా."

నేను ఇంకో గుప్పెడు పిండి చల్లాను.

"పోయినవాళ్లలో రాయి. నేను చెప్పానని నాన్నకు తెలీనివ్వకు. రాసేది నువ్వు, చదివేది తోర్గ్వా. మధ్యలో నేను లేను."

"ఒకవేళ బతికుంటే అమ్మా?"

"బతికుంటే తిడతాడు. వచ్చి తిట్టమను."

సరే అన్నాను.

మూడు రోజుల తర్వాత నాన్నకు రొట్టె పట్టుకుని ఏటి దగ్గరికి వెళ్లాను. ఆయన మోకాలిలోతు నీళ్లలో నిలబడి బార్లీ బస్తాలు తిప్పుతున్నాడు. నీళ్లు మంచులోంచి వచ్చినవి. కాళ్లు ఎర్రగా కందిపోయాయి. అరవై నాలుగేళ్ల మనిషికి సాయం పట్టేవాళ్లు లేరు. నేను పట్టకూడదు, అవి వేలుపు గింజలు. రొట్టె రాయి మీద పెట్టి ఒడ్డున నిలబడ్డాను. కప్పు పలకరాళ్ల గురించి, కాగు కళాయి గురించి మాట్లాడుకున్నాం. అప్పుడు, మన ఇంటివాళ్లవి రాశావా అని అడిగాడు. ఇంకా లేదన్నాను.

"బతికున్నవాళ్లలో నా పేరు కింద వాడిది రాయి. వాడి కింద నీది."

"అలాగే నాన్నా. అమ్మ..."

"మీ అమ్మ సంగతి నాకు తెలుసు. ఇన్నేళ్లుగా ఆ నల్లబట్టలు ఉతికి ఆరేస్తుంటే చూస్తూనే ఉన్నా. ఒక్కమాటన్నానా? అనను. కానీ కాగితం మీద వద్దు తల్లీ. శవం చూపించమని ఎన్ని ఆఫీసులు తిరిగాం నువ్వూ నేనూ? చూపించారా? చూపించనిదే నేనెందుకు ఒప్పుకోవాలి?"

ఆయన గొంతు పెంచలేదు. ఇంకో బస్తా తిప్పాడు. ఏటి హోరులో ఆ తర్వాత ఆయన పలికిన మాట సగమే వినపడింది, అయినా తెలిసింది: మనం కూడా ఒప్పుకుంటే వాడికింక ఎవరున్నారు.

సరే అన్నాను.

ఆ తర్వాత పది రోజులూ నేను ఒక్కచోట కూర్చోలేదు. ఒకసారి కట్టెలకని వెళ్లి ఉత్తచేతులతో వచ్చాను. బురుజు నిచ్చెనలెక్కి మూడో అంతస్తు దాకా పోయి, ఒకప్పుడు బాణాలు వేసిన సన్నకంతలోంచి దారి వైపు చూసి దిగేదాన్ని. కాసేపటికి మళ్లీ ఎక్కేదాన్ని. ఎవరి కోసం చూస్తున్నానో నాకే తెలియదు. మా ఇంటి పేర్లు తప్ప అన్ని ఇళ్లవీ శుభ్రంగా రాసేశాను. ఆ ఒక్క జాగా రెండు కాగితాల్లోనూ తెల్లగా ఉండిపోయింది. అన్న పేరు ఒకవైపు రాసి కాగితం చించేదాన్ని, రెండోవైపు రాసి అదీ చించేదాన్ని. ఎవరిని మోసం చేసినా రెండో మనిషి ముఖంలో కనపడుతుందనిపించేది. నేనేమనుకుంటున్నానో మాత్రం ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పలేకపోయేదాన్ని.

చివరికి ఒక మధ్యాహ్నం లెక్క కుదిరింది. బతికున్నవాళ్ల పేర్లు పొద్దున్నే చదువుతారు. అప్పటికి ఆడవాళ్లం ఇంకా రొట్టెలు కాలుస్తూ ఊళ్లోనే ఉంటాం, అమ్మకు వినపడదు. పోయినవాళ్ల పేర్లు ఎండెక్కాక చదువుతారు. ఆ వేళకు వంతు మనిషి రెండో విడత కాగు దించడానికి బీరు కాచే ఇంట్లో ఉంటాడు, నాన్నకు వినపడదు. ఇద్దరు అడిగింది ఇద్దరికీ దొరుకుతుంది. పరీక్షలో రెండు ప్రశ్నల్లో ఒకటి రాస్తే చాలన్నా రెండూ రాసి వచ్చిన రకాన్ని నేను. పెద్దక్షరాలతో రెండు కాగితాల్లోనూ రాశాను: షేతే కొడుకు ఎలిజ్బార్.

మర్నాడు ఆ కాగితాలు తెల్లరాళ్ల మీదుగా తోర్గ్వా చేతికి అందించాను. అక్షరాలు చూసి మురిసిపోయాడు.

పండగనాడు పొద్దున్నే ఉత్తరపు గట్టు మీద మబ్బు కూర్చుంది. బీరు బాగా కుదిరిందని కబురొచ్చింది. నాన్న నాలుగు రోజులుగా కాగు దగ్గరే ఉన్నాడు. మేం రొట్టెల బుట్టలు మోసుకుని గద్దె దిగువకు చేరేసరికి పేర్లు ఇంకా మొదలే పెట్టలేదు. తోర్గ్వాకు కొత్త, పొట్టేళ్ల దగ్గరే ఆలస్యం చేశాడు. వాన వచ్చేలా ఉందని, రెండు కాగితాలూ ఒకేసారి చదివేద్దామని పెద్దవాళ్లు తేల్చారట. నాన్న బీరింట్లోంచి బయటికి వచ్చి గిన్నె పట్టుకుని గద్దె పక్కన నిలబడ్డాడు. నా చేతిలో బుట్ట ఉంది. దింపడం మరిచిపోయాను.

వంతు ఇల్లు కాబట్టి మాతోనే మొదలుపెట్టాడు. షేతే. ఎలిజ్బార్. తెబ్రో. బాబలే. మగవాళ్లు తాగారు. అమ్మ తలతిప్పి నా వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. తన చేతిలోంచి ఏదో జారిపోయినట్టు చూసింది. తోర్గ్వా మిగతా ఇళ్లు చదువుకుంటూ పోయాడు. నూట అరవై పేర్లు అంత త్వరగా అయిపోతాయని నేనెప్పుడూ అనుకోలేదు. తర్వాత రెండో కాగితం విప్పాడు. తాత పేరు, నాయనమ్మ పేరు, చిన్నప్పుడే పోయిన మేనత్త పేరు.

"షేతే కొడుకు ఎలిజ్..."

అక్కడ ఆగాడు. కొందరు గిన్నెలు వంచబోయి ఆపారు. తోర్గ్వా మొదటి కాగితం తీసి చూశాడు, మళ్లీ రెండోది చూశాడు. ముసలాయనైతే దగ్గేవాడే. ఇతనికి అది రాదు.

"షేతే, ఒక పేరు రెండింటిలోనూ ఉంది," అన్నాడు. "ఏది కొట్టెయ్యను?"

నా పక్కన దారో అత్త పెదవులు కదపకుండా, నువ్వేనా అంది. తలూపాను. నా మొగుణ్ణి మాత్రం ఆ కాగితంలో రాయలేదు నువ్వు, అంది.

నాన్న దిగువకు చూశాడు, నా వైపు కాదు, అమ్మ వైపు. ఇద్దరి మధ్య తెల్లరాళ్ల వరస, యాభై అడుగుల గడ్డి ఉన్నాయి. అమ్మ తల ఊపలేదు, చెయ్యి ఎత్తలేదు. చూస్తూ నిలబడింది. అలా వాళ్లు ఒకరినొకరు చూసుకోవడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు.

"రాసింది రాసినట్టు చదువు," అన్నాడు నాన్న.

"రెండూనా?"

"మా పిల్ల రాసింది. చదువు."

తోర్గ్వా పేరు మొత్తం చదివాడు. నాన్న గిన్నె ఎత్తి సగం తాగాడు. మిగతా సగం నెమ్మదిగా గడ్డి మీద ఒంపాడు. అలా ఎవరూ చెయ్యగా చూడలేదు. తాగడమో ఒంపడమో ఏదో ఒకటే చేస్తారు. ఒక క్షణం ఆగి తోర్గ్వా కూడా అలాగే చేశాడు. తర్వాత మిగిలినవాళ్లు చేశారు. అమ్మ నా చేతిలో బుట్ట తీసుకుని కింద పెట్టింది.

బీరు పులవలేదు. చేదు కొంచెం ఎక్కువైందన్నారు, అది హాప్స్ నేను ఎక్కువ తెచ్చినందుకు.

పొద్దు వాలేవేళ నాన్న ఇంటికి వచ్చాడు. పండగ ముగియలేదు కాబట్టి గడప దాటలేదు, ద్వారబంధానికి ఆనుకుని నిలబడ్డాడు. అమ్మ పొయ్యి దగ్గరుంది. తిట్లు పడతాయని నేను సిద్ధంగా ఉన్నాను.

"ఎవరికి భయపడి అలా రాశావే?"

"ఇద్దరికీ," అన్నాను.

ఆయన ముఖం తుడుచుకున్నాడు. నాతో కాకుండా లోపలికి అన్నాడు:

"సగం గిన్నె ఒంపాను బాబలే."

అమ్మ కాసేపు గరిటె తిప్పింది. "సగం గిన్నె వాడికేం చాలుద్ది," అంది.

"ఎప్పుడు చాలింది గనక. పినతండ్రి కూతురి పెళ్లిలో నలభై ఖింకాలి తిన్నాడు."

"ముప్పై ఎనిమిది. రెండు నీ పళ్లెంలోకి తోసేశాడు, నువ్వు చూడలేదు."

నాన్న నవ్వాడో ఏడ్చాడో చీకటి గుమ్మంలో నాకు తెలియలేదు. ఆ పళ్లెం గురించి వాళ్లు చాలాసేపు వాదించుకున్నారు. నాన్న 'తింటాడు' అంటే అమ్మ 'తినేవాడు' అంది, ఒకరినొకరు దిద్దుకోలేదు. నేను గొర్రెలకు ఉప్పు వేసే వంకతో బయటికి పోయాను. ఉప్పు ఎక్కడ పెట్టానో ఎంత వెతికినా కనపడలేదు.

సెప్టెంబరు చివర కిందికి దిగాం. అమ్మ నల్లబట్టలు మానలేదు, నాన్న గడ్డం పెంచలేదు. చూసేవాళ్లకు ఏమీ మారలేదు. కాని అన్న పేరు ఇంట్లోకి వచ్చింది. వాడు మేకు కొట్టిన గోడ వాడిదయింది, వాడు మెట్టు మీద విరగ్గొట్టిన పలకరాయి వాడిదయింది. ఆ చలికాలం దరఖాస్తులో నేను మొదటి రెండు గళ్లలోనూ టిక్కులు పెట్టాను. ఒక్కటే పెట్టాలని గుమస్తా తిప్పి పంపాడు. తప్పు దిద్ది, ఎప్పటిలా మూడో గడిలో పెట్టి మళ్లీ పంపాను. ఆఫీసు పద్ధతి ఆఫీసుది.

మరుసటి వేసవి ఇంకో రెండిళ్లవాళ్లు నా దగ్గరికి వచ్చి, మా వాడి పేరు కూడా అలాగే రాయమని గుసగుసగా అడిగారు. రాశాను. తోర్గ్వా ఇప్పుడు ఆగడు.

నాన్న తర్వాతి వంతు దాకా ఉండలేదు. ఆయన పేరు ఇప్పుడు రెండో కాగితంలోనే ఉంది, అందులో ఎవరికీ సందేహం లేదు. అమ్మకు ఎనభై దాటాయి, లారీ ఎక్కలేదు. వేసవిలో నేను ఒక్కదాన్నే వెళ్లి రాసి వస్తున్నాను. నాకు పిల్లల్లేరు. నా తర్వాత ఎవరు రాస్తారో, ఒకచోట రాస్తారో, రాయనే రాయరో తెలియదు. నాలుగు అక్షరాలు నేర్చినందుకు నా చేతనైన పని ఇదే కాబట్టి మీకు కూడా రాస్తున్నాను.

యుద్ధానికి వెళ్లేనాటికి అన్నకు ఇరవై రెండేళ్లు. పొడగరి, ఎడమచేతి వాటం. ఉల్లిపాయ తినడు. కోపం వస్తే ఈల వేస్తాడు. పేరు ఎలిజ్బార్, ఖిసార్త షేతే కొడుకు. మీకు వీలున్నప్పుడు ఆ పేరు ఒకసారి పైకి అనండి. బతికున్నవాడిగా తలుచుకుంటారో పోయినవాడిగా తలుచుకుంటారో మీ ఇష్టం. అనడం మాత్రం మరిచిపోకండి.